ఆర్టికల్స్‌ని చేర్చుకునే ఆడిటర్ గార్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆడిటర్ గార్లకు,

నమస్కారం. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, వరంగల్, కర్నూలు... ఊరేదైనా కానివ్వండి, మీ ఆఫీసు ముందుగదిలో గోడవారగా కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లల గురించి ఈ ఉత్తరం. ఎంఈసీ చదివి, సీఏ ఫౌండేషన్ దాటి, సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ గట్టెక్కి, ఇరవై ఏళ్లు అటూ ఇటూగా మీ దగ్గర ఆర్టికల్స్‌గా, అంటే సీఏ శిక్షణకు చేరే పిల్లలు. వాళ్లలో చాలామందికి మీరే మొదటి బాసు. ఆఫీసులో ఎలా మసలాలో, క్లయింటు ముందు ఎలా కూర్చోవాలో, తప్పు కనబడితే నోరు విప్పాలో మూసుకోవాలో వాళ్లకు తెలిసేది మీ దగ్గరే.

నేనూ అలాగే 2018లో విజయవాడలో చేరాను. మొదట ఒకరి దగ్గర, ఏడాది తిరక్కుండానే మారి ఇంకొకరి దగ్గర. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఉన్నాను. కొత్తగా సీఏ పాసైనవాళ్లను ఇంటర్వ్యూ చేయడం నా పనుల్లో ఒకటి. ఐఎన్‌డీ ఏఎస్‌లు (అకౌంటింగ్ ప్రమాణాలు), చట్టాల సెక్షన్లు నేను పెద్దగా అడగను. అవి పాసైనవాళ్లకు వచ్చే ఉంటాయి. "ఆర్టికల్స్‌లో ఉండగా నువ్వు చూసిన ఒక ఫైలు గురించి చెప్పు. అందులో నీకు అనుమానం ఎక్కడొచ్చింది? మీ సార్‌కి చెబితే ఏమన్నారు?" అని అడుగుతాను. మొదటిదానికి అందరూ గడగడా చెబుతారు. రెండో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. మూడోదానికి కొందరు నవ్వేసి ఊరుకుంటారు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు కాబట్టే మీకు రాస్తున్నాను.

మంచి బాసు, చెడ్డ బాసు అనగానే తిట్టనివాడు, తిట్టేవాడు అని పంచేస్తాం. నా విషయంలో ఆ లెక్క తలకిందులైంది.

మా మొదటి సార్ చాలా మంచివారు. ఎవరినడిగినా అదే మాట. మమ్మల్ని "అమ్మలూ", "నాన్నా" అనే పిలిచేవారు. భోజనం వేళకు తిన్నామో లేదో కనుక్కునేవారు. దసరాకు స్వీటు బాక్సు, పుట్టినరోజుకు కేకు. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. ఆయన దగ్గరున్నన్నాళ్లూ నేను చేసిందేమిటంటే, అమ్మకాల బిల్లులు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, 20వ తేదీ వచ్చేసరికి జీఎస్‌టీ 3బీ రిటర్నులు వేయడం, బ్యాంకుకు వెళ్లి చలాన్లు కట్టడం, వాళ్లబ్బాయి అమెరికా వీసా కాగితాలకు జిరాక్సులు తీయించడం. జీఎస్‌టీ వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు, ఊళ్లో ఆర్టికల్స్ అందరి బతుకూ కొంచెం అటూ ఇటుగా ఇంతే కాబట్టి నాకు వింతగా ఏమీ అనిపించలేదు. రిటర్ను ఎందుకు అలా వేస్తున్నామో, ఆ పన్ను క్రెడిట్ ఎందుకు తీసుకోకూడదో ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు. అడిగితే "చేస్తూ ఉంటే అదే వస్తుందమ్మా" అనేవారు.

సెప్టెంబరు వచ్చింది, టాక్స్ ఆడిట్లు మొదలయ్యాయి. ఒక నూనె మిల్లు వోచర్లు నాకిచ్చారు. హమాలీ కూలీ కింద నగదు చెల్లింపులు. 9,800, 9,750, 9,900. ఒక మనిషికి ఒక రోజులో పదివేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును అప్పటి ఆదాయపు పన్ను చట్టం 40ఏ(3) ఒప్పుకోదు, అలాంటివి ఉంటే ఆడిటరు టాక్స్ ఆడిట్ వివరాలిచ్చే ఫారం 3సీడీలో రాయాలి. అది నాకు పుస్తకంలో కొత్తగా చదివిన విషయం. అందుకే అన్నీ పదివేలకు కాస్త కిందే ఆగడం చూసి ముచ్చటేసింది. తర్వాత రెవెన్యూ స్టాంపులు చూశాను. పేర్లు వేరు, తేదీలు వేరు. చేతిరాత ఒకటే. వేలిముద్రల్లో ఎడమ పక్కన అడ్డంగా ఒక గాటు ఉంది. ఒకదాంట్లో కాదు, నేను తిరగేసిన ప్రతి వోచరు మీదా అదే గాటు. ఎవరిదో ఒకే బొటనవేలు ఏడాది పొడుగునా ఊళ్లో ఉన్న హమాలీలందరి బదులూ కూలి పుచ్చుకుంది.

నోట్ షీటు రాసి సార్ ముందు పెట్టాను. చదివారు. నవ్వారు. "అమ్మలూ, నీది భలే కన్ను. కానీ ఆయన ఇరవై ఏళ్లుగా మన క్లయింటు. టిక్కులు పెట్టేసి భోజనానికి వెళ్లు" అన్నారు. మర్నాడు ఫైలు తీస్తే నా నోట్ షీటు అందులో లేదు.

తిట్టి ఉంటే నాకు కోపమైనా వచ్చేది. ఆయన అంత మెత్తగా అనేసరికి నేనే ఏదో అతి చేశానేమో, పెద్దవాళ్ల వ్యవహారంలో తలదూర్చానేమో అనిపించింది. నా పక్కన కూర్చునే సీనియర్ అన్న "మొదట్లో అందరం ఇలాగే రాశాంలే" అన్నాడు. మరి ఆ అన్నయ్య ఇప్పుడేం చేస్తున్నాడని చూస్తే, వోచర్ల కట్ట పైనుంచి కిందికి కళ్లు తిప్పకుండా, ఫోనులో క్రికెట్ స్కోరు చూసుకుంటూ ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు కొట్టుకుంటూ పోతున్నాడు. చేరిన మొదటి నెలలో ఆయన కూడా నాలాగే అడిగాడట. మీరు గమనించాల్సింది ఈ అన్నయ్యని. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒక్క పూట ఏడిపించలేదు. అడగడం మాన్పించారు, అంతే.

వేరే ఆడిటరు దగ్గరకు మారతానని, అందుకు కావాల్సిన ఫారం 109 మీద సంతకం అడిగినప్పుడు కూడా సార్ కోప్పడలేదు. మా నాన్నకు ఫోను చేశారు. నాన్నది అదే వీధిలో ఫ్యాన్సీ షాపు, రిటర్నులు వేసేది మా సార్ గారే, నా సీటు వచ్చింది కూడా ఆ పరిచయంతోనే. "అమ్మాయికి ఇక్కడ ఏం తక్కువైంది?" అని అడిగితే నాన్న దగ్గర జవాబు లేదు. నిజానికి ఏం తక్కువైందో చెప్పడం నాకే చేతకాలేదు. మొహమాటంతో నెల రోజులు నలిగాక గానీ సంతకం పడలేదు.

రెండో సార్ దగ్గరకు వెళ్తున్నానంటే తెలిసినవాళ్లంతా జాలిపడ్డారు. ఆయన గొంతు ఆఫీసు కింద టీ కొట్టుదాకా వినబడేది. చేరిన వారానికే గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి స్టాక్ ఆడిట్‌కు పంపారు. మిర్చి మీద బ్యాంకు అప్పిచ్చింది, సరుకు ఉందో లేదో చూసి రావాలి. లోపల ఆ చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఘాటుకు తుమ్ములు ఆగకుండా వస్తుంటే, టార్చి వేసుకుని చెక్క అంతస్తులు ఎక్కి దిగి టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) లెక్కపెట్టాను. స్టేట్‌మెంటుతో ఒక్క టిక్కీ తేడా లేదు. గర్వంగా వచ్చి చెప్పాను.

"లెక్క సరిపోయింది, సరే. ఆ టిక్కీలు వాళ్లవేనని నీకెవరు చెప్పారు?"

"అక్కడి మేనేజరు చెప్పాడు సార్."

"అప్పు తీసుకున్నవాడి మనిషి చెప్పింది మోసుకొచ్చి నాకు చెబుతున్నావు. దానికి నువ్వెందుకు, ఫోను చాలదా?"

ఆఫీసులో అందరూ వింటున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ఆయన చేసింది మాత్రం మొదటి సార్ ఎన్నడూ చేయనిది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. సంచి మీద రంగుతో వేసే లాట్ నంబరు ఏమిటి, సరుకు పెట్టినవాడికి కోల్డ్ స్టోరేజీ ఇచ్చే బాండు ఏమిటి, ఆ బాండు ఏ బ్యాంకులో తాకట్టు ఉందో వాళ్ల రిజిస్టరులో ఎక్కడ రాస్తారు, సరుకు ఒక్కటే అయినా అప్పు రెండుచోట్ల ఎలా పుడుతుంది, అన్నీ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. "రేపు మళ్లీ వెళ్లు. ఈసారి సంచులు కాదు, నంబర్లు చూడు" అన్నారు. మర్నాడు వెళ్లి చూస్తే కొన్ని లాట్ల బాండ్లకు ఎదురుగా వేరే బ్యాంకు పేరుంది.

తిరిగొచ్చి చెప్పాను. శభాష్ అనలేదు. రాత్రి ఎనిమిదిన్నరదాకా కూర్చోబెట్టి ఆ ఒక్క పేరా మళ్లీ మళ్లీ రాయించారు. "ఉన్నట్లు తెలుస్తోంది" అని రాస్తే కొట్టేశారు. ఎవరు చెబితే తెలిసింది, ఏ రిజిస్టరు, ఏ పేజీ అని అడిగారు. చివరికి వర్కింగ్ పేపరు మీద తయారుచేసినవారు అన్నచోట నన్నే పొట్టి సంతకం పెట్టమన్నారు. ఆ పేరా ఉన్నదున్నట్టు రిపోర్టులో వెళ్లింది. రెండ్రోజులకు క్లయింటు మండిపడుతూ ఫోను చేశాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి సార్ మాట మాకు వినబడింది. "మా అమ్మాయి చూసింది. అనుమానముంటే వచ్చి తనతోనే మాట్లాడండి." ఇప్పటికీ ఎవరైనా పెద్ద మనిషి ఎదురుగా కూర్చుని నా మాట తోసేయబోతే నాకు ఆ ఫోను కాలే గుర్తొస్తుంది.

ఆయన గొంతును మాత్రం నేను వెనకేసుకురాను. నాతోపాటు ఉన్న ఒక అబ్బాయి, నాకంటే చురుకైనవాడు, ఆ అరుపులకు బెదిరి రెండు నెలల్లో మానేశాడు. అరవకుండా కూడా అదే ప్రశ్న అడగొచ్చు. నేను చెబుతున్నది ఏమిటంటే, అరుపుకు పిల్లలు భయపడతారన్నది మీ అందరికీ తెలుసు. తీపి మాటతో నోరు మూయించడం వాళ్లను ఇంకా ఎక్కువ పాడుచేస్తుందని మీలో కొందరికి తట్టడం లేదు.

రెండో సార్ డ్రాయరులో ఒక ప్రింటవుట్ ఉండేది. కొత్త ఆర్టికల్ చేరితే అది చదివించేవారు. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న తన బోర్డుకు రాసిన లేఖ. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఉంది. "ఇది మన హైదరాబాదులో జరిగింది. ఆ కంపెనీ ఆడిట్‌కీ నీలాంటి పిల్లలు వెళ్లే ఉంటారు" అనేవారు. ఆ తర్వాతే ఎస్‌ఏ 505, అంటే బయటివాళ్ల నుంచి నిర్ధారణలు తీసుకోవడం గురించిన ఆడిటింగ్ ప్రమాణం, తెరిపించేవారు. బ్యాంకు నిర్ధారణ లేఖ క్లయింటు చేతి మీదుగా ఎందుకు తీసుకోకూడదో, నేరుగా మనకే ఎందుకు రావాలో ఆ లేఖ చదివినవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. నేను ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది ఎస్‌ఏ 505 అంటే ఏమిటో తడుముకోకుండా చెబుతారు. మీ ఆఫీసులో ఆ లేఖలు ఎవరు తెచ్చేవారంటే, "క్లయింటే పంపేవాడండీ" అంటారు. తప్పు అనిపించి కాదు, మామూలుగా చెబుతారు.

2023 జులై 1 నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది కదా. అది పూర్తయ్యాక ఫైనల్‌కు చదువుకోవడానికి ఆరు నెలలు ఇచ్చారు, చాలా మంచి మార్పు. దాంతోపాటు ఇంకొకటి కూడా మారింది. మా రోజుల్లో ఒక ఏడాది జిరాక్సుల్లో పోయినా ఇంకా రెండేళ్లుండేవి. ఇప్పుడు ఒక్కో పిల్లవాడికి దక్కేది రెండు టాక్స్ ఆడిట్ సీజన్లు, ఏప్రిల్లో రెండుసార్లు బ్యాంకు బ్రాంచి ఆడిట్లు. మొదటి సెప్టెంబరు ట్యాలీలో గడిచిపోతే మిగిలింది ఒక్కటే.

వారానికి 35 గంటలు అన్న నిబంధన సంగతి నేనెత్తితే మీరు నవ్వుతారని తెలుసు. గడువు రోజు రాత్రి పోర్టల్ గుండ్రంగా తిరుగుతుంటే, క్లయింటు సాయంత్రం ఆరింటికి సంచీలో బిల్లులు తెచ్చి పోస్తే, ఎవరైనా కూర్చోక తప్పదు. మేమూ కూర్చున్నాం. ఆ రాత్రుల్లో తెప్పించుకున్న పునుగుల రుచి ఇంకా నాలుక మీదుంది, నాకు వాటి మీద ఫిర్యాదేమీ లేదు. సీజను కాని రోజుల్లో కూడా, సార్ ఇంకా లేవలేదు కాబట్టి పిల్లలెవరూ లేవకూడదన్న పద్ధతి మీదే నా ఫిర్యాదు. పుణెలో ఒక పెద్ద సంస్థలో చేరిన నాలుగు నెలలకు 26 ఏళ్ల సీఏ చనిపోతే, పనిభారం గురించి ఆమె తల్లి ఆ సంస్థ అధిపతికి రాసిన ఉత్తరం 2024 సెప్టెంబరులో దేశమంతా తిరిగింది. మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవారిలో, రాత్రి పదకొండింటికి ఆర్టికల్‌కు ఫోను చేసి "ఆ ఫైలు ఎక్కడ పెట్టావ్" అనేవాళ్లూ ఉన్నారు. నొప్పిస్తే క్షమించండి, కానీ ఉన్నారు.

ఆడపిల్లల గురించి ఒక్క మాట. చేర్చుకునే ముందు "మధ్యలో పెళ్లి సంబంధాలేమైనా చూస్తున్నారా?" అని వాళ్ల నాన్నను అడగడం దయచేసి మానండి. పొరుగూరి ఆడిట్‌కు అమ్మాయిలను పంపకపోవడం జాగ్రత్త అనుకుంటున్నారు, మంచిదే, కానీ అబ్బాయిలు ఫ్యాక్టరీలు, గోడౌన్లు చూసొస్తుంటే అమ్మాయిలు రెండేళ్లూ ఆఫీసులో రిటర్నులు వేస్తూ మిగిలిపోతున్నారు. మా రెండో సార్ నన్ను ఏలూరు, ఒంగోలు అన్నీ తిప్పారు. వెళ్లే ముందు క్లయింటుకు తనే ఫోను చేసి, బస ఎక్కడ, తిరుగు ప్రయాణం ఎలా, అక్కడ ఏ మేడమ్ ఉంటారు అని కనుక్కుని పంపేవారు. పది నిమిషాల పని.

మీ వైపు ఇబ్బందులు నాకు తెలియనివి కావు. చిన్న ఊళ్లో ఫీజులు ఎంతొస్తాయో, అవి కూడా ఎన్నిసార్లు తిరిగితే వస్తాయో చూశాను. నేర్పినవాడు నేర్పగానే పెద్ద సంస్థకు ఎగిరిపోతాడన్న బాధ ఉంది. కొడుకును వెంటబెట్టుకొచ్చి "సార్, మావాడు ఇంట్లో కూర్చుని చదువుకుంటాడు, కాగితం మీద మీ దగ్గరున్నట్టు చూపించండి" అని బతిమాలే తండ్రులకు లెక్క లేదు. డమ్మీ ఆర్టికల్‌షిప్ పాపం ఒక్క ఆడిటర్లదే అంటే నేను ఒప్పుకోను. అయినా సంతకం మీది. ఇలా డమ్మీగా ఆర్టికల్‌షిప్ చేసినవాళ్లు కూడా నా ఎదుట ఇంటర్వ్యూకు కూర్చుంటారు. ఫైనల్లో మంచి మార్కులుంటాయి. లెడ్జరు చేతికిచ్చి ఇందులో ఏం చూస్తావంటే టోటల్ చూస్తామంటారు. అలా ఒకబ్బాయి బయటికెళ్తూ "మేడమ్, నాకు ఎవరూ చూపించలేదు" అన్నాడు. వాళ్ల నాన్న అడిగినదే ఆ ఆడిటరు గారు చేసిపెట్టారు, ఇద్దరూ సంతోషించారు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. స్టైపెండు సీఏ ఇనిస్టిట్యూట్ చెప్పినంతకు తగ్గకుండా ఇవ్వండి, ఖాతాలో వేసి నగదుగా వెనక్కి పుచ్చుకోకండి. అలా ఇచ్చుకున్నామని నాతో చెప్పినవాళ్లున్నారు. చేరిన మొదటి నెలలోనే ఒక చిన్న ఫైలు, ఏ కిరాణా హోల్‌సేల్ వ్యాపారిదో, మొదటి నుంచి చివరిదాకా ఆ పిల్లవాడికే ఇవ్వండి. వాడు రాసిన నోట్ షీటు మీ కంటితో మీరు చదవండి, సీనియర్ ఆర్టికల్‌కు వదలకండి. వాడు లేవనెత్తిన విషయం తప్పయితే ఎందుకు తప్పో చెప్పండి. ఒప్పయి, దాన్ని రిపోర్టులో పెట్టకూడదని మీరు నిర్ణయించుకుంటే, అదీ వాడికి చెప్పండి, కారణంతో సహా. ఆ కారణం వాడి ముఖం చూసి పైకి చెప్పలేనిదైతే ఏం చేయాలో నాకంటే మీకే బాగా తెలుసు.

శిక్షణ పూర్తయిందని ఫారం 108 మీద సంతకం పెట్టే రోజున, రెండేళ్లలో వాడు తయారుచేసిన వర్కింగ్ పేపర్లలో ఏదైనా ఒకటి తెప్పించి చూడండి. మీ ఎర్ర పెన్ను గీతలు దాని మీద ఎన్ని ఉన్నాయో చూడండి.

చివరగా ఒక విన్నపం. జులై 1న సీఏ డే చేస్తారు కదా, ఇనిస్టిట్యూట్ బ్రాంచి హాల్లో రక్తదానం, కేకు, సన్మానాలు, ఫొటోలు. ఈసారి ఆ రోజు ఒక గంట ఆర్టికల్స్‌కు ఇవ్వండి. ప్రిన్సిపల్స్, అంటే ఆర్టికల్స్‌ని చేర్చుకున్న ఆడిటర్లంతా ముందు వరుసలో కూర్చుని వినాలి, పిల్లలు పేర్లు చెప్పకుండా చీటీల మీద రాసిచ్చినవి ఎవరైనా బయటివాళ్లు చదవాలి. సీఏలు పూర్తిచేయాల్సిన సీపీఈ (నిరంతర వృత్తి విద్య) గంటల కింద లెక్కవేయిస్తే హాజరుకు కొదవుండదు. చదవడానికి మనిషి కావాలంటే విజయవాడ, గుంటూరు బ్రాంచీలకు నేనొస్తాను. రైల్లో వచ్చి రాత్రి బస్సుకు వెళ్లిపోతాను, చార్జీలు కూడా అక్కర్లేదు. మా రెండో సార్ ముందు వరుసలో ఉంటే మాత్రం మైకు కాస్త ఆయనకు దూరంగా పెట్టండి.

ఇట్లు,
విజయవాడలో పని నేర్చుకున్న ఒక చార్టర్డ్ అకౌంటెంట్,
హైదరాబాద్